అడిగే మాటలు

దసరా వెళ్లాక మా ఊరి చివరి ఇటుకల బట్టీకి ఒడిశా నుంచి కూలి కుటుంబాలు వచ్చేవి. తొలకరి పడేదాకా ఉండి వెళ్లిపోయేవి. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక ఏడు, ఆ బట్టీ పిల్లలను కూడా సర్కారు బడిలో చేర్చుకోవాలని మాకు చెప్పారు. హాలియాకు కొద్ది దూరంలో, సాగర్ కాలువ పారే ఊరు మాది. బడిలో చదువు చెప్పేవాళ్లం ఇద్దరమే. పెద్దసారు ఒకరు, విద్యా వలంటీరుగా నేను. ఒడియా తెలిసిన మనిషి దొరికేదాకా మీరే ఎట్లాగో నడపండి అన్నారు. ఆ మనిషి ఆ ఏడు దొరకలేదు.

పిల్లలు వచ్చి గోడ వారగా కూర్చున్నారు. అందరికంటే పెద్దది ఒక పిల్ల, తొమ్మిదేళ్లుంటాయేమో. గోళ్ల సందుల్లో ఎండిన మట్టి, నూనె లేని జుట్టు, ఎవరి ముఖంలోకీ చూడని కళ్లు. తండ్రి తానే తీసుకొచ్చి వదిలాడు. చాలా ఏళ్లుగా మన దిక్కు బట్టీలకు వస్తున్నవాడు కాబట్టి అతనికి హిందీ, కొంచెం తెలుగు వచ్చు.

"సార్, దీని పని ఇటుక తిప్పుడు. తల్లి బడికి తోలు అంటది, తోల్కొచ్చిన. ఏమన్న నేర్సుకుంటే ఉండనీ. లేకుంటే మల్ల బట్టీకే" అన్నాడు పెద్దసారుతో.

ఇటుక తిప్పడమంటే ఏమిటో అప్పటికి నాకు సరిగ్గా తెలియదు. తర్వాత తెలుసుకున్నాను. అచ్చులోంచి తీసిన పచ్చి ఇటుకలను నేల మీద బారులు తీర్చి ఆరబెడతారు. ఒక వైపు ఆరగానే రెండో వైపుకు తిప్పాలి. పెద్దవాళ్లు ఆ బారుల మీద అడుగు వేస్తే ఇటుక విరుగుతుంది. పిల్లల బరువుకు విరగదు. అందుకే ఆ పనికి పిల్లలు. ఆ వయసు దాటి ఒళ్లు కొంచెం బరువెక్కితే ఆ పనికి పనికిరారు. ఆ పిల్ల అప్పుడు ఆ పనికి సరిగ్గా సరిపోయే వయసులో ఉంది. తల్లి ఒక్కతే పిల్ల బడికి పోవాలని పట్టుబట్టింది. అదీ కడుపుతో ఉన్న తల్లి.

పెద్దసారుది నారాయణపేట. ఆయనకు కొత్త భాష అంటే భయం లేదు.

"మా దిక్కు ఒక్కింట్ల మూడు భాషలుంటయి మేడం. చీర నేసుడు తెలుగుల, అమ్ముడు కన్నడంల, కొట్లాడుడు మరాఠీల. ఒడియా ఎంత? నేర్సుకుందం" అన్నాడు.

"ఎవరు నేర్పుతరు సార్?"

"నువ్వే. సూరీడు పొడవకముందే లైబ్రరీ మెట్ల మీద కూసుంటవని ఊరంత చెప్పుకుంటది గదా."

అది నిజమే. నేను బడిలో చదివింది పదో తరగతి దాకా. తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేశాను గానీ, నాకు నిజంగా చదువు చెప్పింది హాలియా శాఖా గ్రంథాలయం. అక్కడి రేకు బీరువాలో ఏ పుస్తకం ముందుంటే అది చదివాను. చట్టాలు, తేనెటీగల పెంపకం, యాత్రలు, ఎవరో వదిలేసిన పాత లెక్కల పుస్తకాలు. "బిడ్డా, గిది పశువుల రోగాల పుస్తకం, నీకెందుకు?" అని అక్కడి సారు అడిగితే, "ఉన్నది గదా సార్, సదువుత" అన్నాను. మా నాయిన పొలం నుంచి వచ్చి, దీపం కింద నన్ను చూసి, పుస్తకం పేరు కూడా అడగకుండా పక్కన కూర్చునేవాడు. మనిషికి కావలసినదేదైనా ఎక్కడో ఒక పుస్తకంలో ఉంటుందని, వెతికే ఓపిక ఉంటే చాలని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పటికీ చాలావరకు నమ్ముతాను.

హాలియాలో దొరకలేదు. బస్సెక్కి నల్లగొండ పోయాను. జిల్లా గ్రంథాలయంలో అడుగు అరలో, అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. ఒడియా మాటలు తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం ఇచ్చిన పుస్తకం. వ్యాపారులకు, యాత్రికులకు రాసింది. తిరుగు బస్సులో ఒళ్లో పెట్టుకుని గుడిపల్లి దాటేలోపే సగం చదివేశాను.

అందులో రైల్వే స్టేషన్ మాటలున్నాయి, బట్టల దుకాణం మాటలున్నాయి, హోటల్ మాటలున్నాయి. బడి మాటలు లేవు. కాబట్టి మాకు కావలసినవి మేమే ఏరుకోవాల్సి వచ్చింది. తరగతి గదిలో ఏం కావాలి? పెద్దసారు, నేను కూర్చుని ఆలోచించాం. కూర్చో. లే. రా. పో. వరసలో నిలబడు. మాట్లాడొద్దు. రాయి. తొందరగా. అవి నల్లబల్ల పక్క గోడ మీద సుద్దతో రాసి పెట్టాను. బస, ఉఠ, ఆస, జా. పెద్దసారు బండి మీద వస్తూ పోతూ వల్లె వేసేవాడు. కల్లు అమ్మే ఆయన ఎదురైతే "బస" అన్నాడని, అతను బస్సు వచ్చిందేమోనని వెనక్కి చూశాడని తానే చెప్పి నవ్వాడు.

మొదటి రోజే మాటలు పనిచేశాయి. పెద్దసారు గడపలో నిలబడి "ఉఠ" అన్నాడు. బట్టీ పిల్లలంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. "బస" అన్నాడు. కూర్చున్నారు. "చుప్" అన్నాడు. అప్పటికే నిశ్శబ్దంగా ఉన్నవాళ్లు ఊపిరి కూడా బిగబట్టారు.

"జూసినవా మేడం! మన పోరగాండ్లకు గొంతు పోయేదాక ఒర్రితే గాని లేవరు. వీండ్లు ఒక్క మాటకు లేస్తున్నరు" అన్నాడు పెద్దసారు. ఆయనకు సంతోషం, నాకు గర్వం. పుస్తకంలోంచి తెచ్చిన మాట మనుషుల్ని కదిలించడం నేను కళ్లారా చూసింది అప్పుడే.

రోజులు గడిచాయి. పిల్లలు చెప్పినట్టు చేస్తున్నారు, అక్షరాలు దిద్దుతున్నారు. కానీ ఒక్కరూ నోరు విప్పడం లేదు. దాహం వేసినా అడగరు. ఒక చిన్నవాడు కూర్చున్న చోటే పాస్ పోసుకున్నాడు గానీ లేచి బయటికి పోతానని అడగలేదు. ఆ పెద్దపిల్ల అక్షరాలు ముత్యాల్లా రాసేది. దగ్గరికి వెళ్లి చూడబోతే మాత్రం భుజాలు బిగించి తల దించుకునేది.

"పాపం, నోరు లేదేమో మేడం" అన్నాడు పెద్దసారు ఒకసారి.

నాకూ అదే అనుమానం వచ్చింది. అంగడి రోజు హాలియాలో ఆ పిల్ల తండ్రి మాకు ఎదురయ్యాడు. సంచిలో నూకలు, భుజం మీద తువ్వాల.

"సార్, నా బిడ్డకు ఏమన్న వచ్చిందా?"

"మంచిగ రాస్తాంది."

"సదువుతదా?"

పెద్దసారు కొంచెం తడబడ్డాడు. "ఇంక నోరు ఇప్పలే. ఇప్పుతది."

తండ్రి సంచి చేయి మార్చుకున్నాడు. "ఇంట్ల గూడ బడి ముచ్చట ఒక్కటి చెప్పదు సార్. తల్లి ఒంగలేకపోతాంది. ఆమె కాన్పు దాక జూస్త. గప్పటికి గూడ గిట్లనే ఉంటే నేను ఆగ" అన్నాడు. కోపంగా అనలేదు. ముందే చెప్పి పెట్టడం మర్యాద అన్నట్టు అన్నాడు.

ఆ తర్వాత చలి ముదిరిన రోజుల్లో ఒక ఉదయం బట్టీ పిల్లలు సగం మంది రాకపోతే, పిలుచుకొద్దామని మర్నాడు బడి వేళకు ముందే నేను బట్టీకి వెళ్లాను. కాలువ మీద మంచు ఇంకా విడలేదు. పచ్చి ఇటుకల బారులు పొలం మడుల్లా దూరం దాకా పరిచి ఉన్నాయి. వాటి మీద పిల్లలు వంగి, చెప్పుల్లేని కాళ్లతో, ఒక్కొక్క ఇటుకను పక్కకు తిప్పుతూ జరుగుతున్నారు. చప్పుడు లేదు. అప్పుడు మేస్త్రి గొంతు వినిపించింది. మా మండలం మనిషే, తలకు తువ్వాల చుట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఉఠ! జల్ది కర! ఏయ్, చుప్! ఆ బారు కాడికి జా!"

నేను నిలబడిపోయాను. అవి మా గోడ మీది మాటలు. అవే, ఇంచుమించు అదే వరసలో, అదే తెలుగు యాసతో. "ఉఠ" అన్నప్పుడు ఆ పిల్ల బారుల నడుమ లేచింది. భుజాలు బిగించి, తల దించుకుని. తరగతిలో లేచేది సరిగ్గా అలాగే. అది వినయమనుకున్నాం మేం.

మేస్త్రి నన్ను చూశాడు. నవ్వుతూ గట్టు దిగి వచ్చాడు.

"ఏం మేడం, మీరు గూడ ఒడియా నేర్సుకుంటున్నరంట. దానికి నల్లగొండ దాక ఎందుకు పోయిన్రు? నన్నడిగితే పొద్దు గూకేలోపల నేర్పకపోదునా! గీ నాలుగు మాటలు సాలు, సీజనంత నడుస్తది."

పిల్లలను పిలవలేదు. తిరిగి వచ్చాను.

బడిలో పెద్దసారు తాళం తీస్తున్నాడు. చూసింది చెప్పాను. ఆయన తలుపు తోసి లోపలికి వెళ్లాడు. కుండ దగ్గరికి పోయి గుడ్డ తడిపి, గోడ మీది మాటలన్నీ తుడిచేశాడు. తడి గోడ వైపు చూస్తూ, "మేడం, పిల్లలను అడిగే మాట ఒక్కటన్న ఏరుకున్నమా మనం?" అన్నాడు.

ఏరుకోలేదు. మళ్లీ పుస్తకం తీశాను. అడిగే మాటలు అందులో ఉన్నాయి. ఈ రైలు ఎక్కడికి పోతుంది? ఈ గుడ్డ గజం ఎంత? గది కిరాయి ఎంత? పిల్లను అడగవలసింది ఒక్కటీ లేదు. ఆ పుస్తకం తప్పేమీ లేదు, దాన్ని రాసింది వ్యాపారి కోసం. నేను వెతికిన అరలోనే లేదు ఆ మాట.

బడి వదిలాక, పొద్దుండగానే ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్లాను. పచ్చి ఇటుకలతోనే కట్టుకున్న గుడిసె. తలుపు లేదు, వంగి పోవాలి. ఆమె పొయ్యి ముందు కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆమెకు తెలుగు రాదు, హిందీ రాదు. కూతురు మూలన కూర్చుని మమ్మల్ని మార్చి మార్చి చూసింది. నేను అన్నం తింటున్నట్టు చేయి నోటి దగ్గర పెట్టి, పిల్ల వైపు చూపించి, కనుబొమ్మలు ఎగరేశాను. తల్లికి కాసేపు అర్థం కాలేదు. పిల్లకు అన్నం అడుగుతున్నాననుకుని కుండ మూత తీయబోయింది. కాదని చేయి ఊపి మళ్లీ చేశాను. అప్పుడు తెలిసింది.

"ఖాఇలు కి?" అంది. తిన్నావా?

నేను పలికితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్లీ పలికించింది. కడుపు పట్టుకుని ముఖం ముడుచుకుంటే "కాణ హెలా?" అని ఇచ్చింది. ఏమైంది? ఇట్లా ఒక్కొక్కటి. ఎక్కడ, ఎవరు, నీకేం కావాలి. ఆమె మాటకు, పుస్తకం మాటకు కొంచెం తేడా ఉంది. అది నాకు వింతగా అనిపించలేదు. మా పాఠంలోని తెలుగుకు, మా అవ్వ తెలుగుకు ఉన్న దూరం లాంటిదే అది. ఆమె పలికినట్టే గుర్తు పెట్టుకున్నాను.

మర్నాడు పెద్దసారుకు నేర్పాను. ఆయన తరగతిలోకి పోయి, అలవాటైన గొంతుతో "ఖాఇలు కి?" అన్నాడు. పిల్లలంతా లేచి నిలబడ్డారు.

"అయ్యో, లెవ్వుమనలే బిడ్డా, తిన్నరా అని అడిగిన" అన్నాడు తెలుగులోనే. వాళ్లు కూర్చోలేదు. కూర్చోమనే మాట అనడానికి ఆయనకు మనసు రాలేదు. చివరికి తానే నేల మీద చతికిలబడ్డాడు. ధోవతి మనిషి కాదు, ఇస్త్రీ ప్యాంటు మనిషి. అప్పుడు ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. ఆయన ఎదుటి చిన్నవాణ్ణి చూసి మెల్లగా మళ్లీ అడిగాడు. వాడు "భాత" అన్నాడు. అన్నం. పక్కవాడు కూడా ఏదో అన్నాడు. కాసేపటికి ఎవరో పెద్దసారు మాట తీరును వెక్కిరించి పలికారు, నవ్వులు లేచాయి. "జూడు, నన్ను ఎక్కిరిస్తున్రు" అన్నాడాయన, ఎంతో తృప్తిగా.

ఆ పెద్దపిల్ల మాత్రం వెంటనే మాట్లాడలేదు. నేను రోజూ పక్కన కూర్చుని అడిగేదాన్ని. తిన్నావా. ఇది ఏమిటి. అది ఎవరు. తల ఊపేది, వేలితో చూపేది. తర్వాత ఒక్కొక్క మాట అనేది. తెలుగు అక్షరాలు గట్టిగా చదవడం మొదలుపెట్టింది. బొంగురు గొంతు. దాహం వేస్తే అడిగి పోయేది. తల్లికి ఈ సంగతి తెలిసినట్టుంది, నేను కనిపిస్తే దూరం నుంచే చేయి ఊపేది.

ఒకనాడు ఆ పిల్ల రాయడం ఆపి పలక మీద చేయి పెట్టుకుని కూర్చుంది. "కాణ హెలా?" అన్నాను. ఎన్నడూ లేనంత పొడుగు మాట చెప్పింది. చెప్పి, మళ్లీ చెప్పింది. తల్లి అనే మాట, రేపు అనే మాట, లేదు అనే మాట, అంతవరకే నాకు అందాయి. మిగతాది ఆమె చేయి చెప్పింది. బట్టీ వైపు చూపించి, పలక నా చేతిలో పెట్టింది. అమ్మకు బాగాలేదు, రేపటి నుంచి నేను రాను.

ఆ పిల్ల మాట్లాడాలని ఎంతో ఎదురుచూశాం. మాట్లాడితే ఆ మాట ఇది. అడగడం నేర్చుకున్నవాళ్లం, జవాబు వచ్చాక ఏం చేయాలో నేర్చుకోలేదు. దానికి నేను ఏ గ్రంథాలయానికీ పోలేను.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. నాలుగు రోజులకు తల్లి హాలియా దవాఖానలో ఆడపిల్లను కన్నదని, ఇంటికి వచ్చిందని బట్టీ చిన్నపిల్లల దగ్గర తెలిసింది. వారం తిరక్కముందే పచ్చి ఒంటితోనే మళ్లీ అచ్చు పట్టిందని, పసిదాన్ని పెద్దపిల్ల ఎత్తుకుని తిరుగుతోందని కూడా వాళ్లే చెప్పారు. ఇవన్నీ మాకు వాళ్ల భాషలోనే తెలిశాయి. ఆ రోజే పెద్దసారు మధ్యాహ్నం గంట కొట్టించి, "నడువు మేడం" అన్నాడు.

తండ్రి మట్టి తొక్కుతున్నాడు. మమ్మల్ని చూసి గుంటలోంచి బయటికి వచ్చాడు.

"సార్, మీరెందుకొచ్చిన్రో నాకెరికే. పిల్ల ఇప్పుడు మంచిగనే మాట్లాడుతాంది. ఇంట్ల అన్నీ బడి ముచ్చట్లే. నేను కాదంటలే. కాని తల్లి అచ్చు పట్టాలె, నేను మట్టి తొక్కాలె. సంటిదాన్ని ఎవరు పట్టుకోవాలె?"

మేస్త్రి ఎక్కడినుంచో వచ్చి నిలబడ్డాడు. "సారూ, బడి నడుపుడు మీ పని, బట్టీ నడుపుడు మా పని. ఎవరి పని వాళ్లు చేసుకుందం."

పెద్దసారు అతని వైపు చూడలేదు. "సంటిదాన్ని గూడ తోల్కరమ్మను. బల్లె జాగా ఉన్నది" అన్నాడు తండ్రితో.

"ఇగ బడెందుకు సారూ, అంగన్‌వాడి పెట్టుండ్రి" అన్నాడు మేస్త్రి.

"పెడ్తం తియ్. నువ్వు గూడ రా. మనుషులతోని ఎట్ల మాట్లాడాల్నో నేర్పుత."

తండ్రి భార్య వైపు చూశాడు. ఆమె అచ్చు కింద పెట్టి, మట్టి చేతులు అట్లాగే గాలిలో ఉంచి, మా అందరి ముఖాలూ చూసింది. ఆ పిల్ల కొంచెం దూరంలో పసిదాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉంది. తల్లి నన్నే అడిగింది, నేరుగా, తన భాషలో. ఎవరు చూసుకుంటారు? ఎవరు అనే మాట నాకు ఆమే నేర్పింది. నేను గుండె మీద చేయి వేసుకున్నాను. ఆమె భర్తతో ఏదో అంది.

"పాలకు నడుమల పట్టుకరావాలె అంటాంది" అన్నాడు తండ్రి.

"తోలిస్త" అన్నాడు పెద్దసారు.

తెల్లవారుజామున ఇటుక తిప్పే పని మాత్రం ఆగలేదు. అది మేం ఆపలేకపోయాం. పెద్దసారు మేస్త్రితో ఆ మాట కూడా ఎత్తాడు, పైవాళ్లతోనూ చెప్పాడు. ఆ సీజన్ అంతా ఆ పిల్ల తెల్లారగట్ల బారుల మీద వంగి, ఆ తర్వాతే బడికి వచ్చేది. కొన్ని పొద్దులు పలక మీదే తల వాల్చి నిద్రపోయేది. మేం లేపేవాళ్లం కాదు.

మేం బట్టీకి వెళ్లొచ్చిన మర్నాడు ఉదయం ఆ పిల్ల చెల్లెల్ని ఎత్తుకుని గడపలో నిలబడింది. లోపలికి రావచ్చా అన్నట్టు చూసింది. ఊరి పిల్లలు జరిగి దారి ఇచ్చారు. పెద్దసారు, నేను కలిసి ఆమె వెంట తెచ్చిన తల్లి పాతచీరను కిటికీ ఊచకు, బీరువా కొక్కేనికి కలిపి ఊయలగా కట్టాం. ముడి గట్టిదని ఆమె నమ్మలేదు. తానే లాగి చూసుకుంది. పసిదాన్ని పడుకోబెట్టి, ఊయల అంచుకు ఒక పేలిక ముడివేసి, దాని రెండో కొస తన కాలి బొటనవేలికి చుట్టుకుంది. అట్లా రెండు చేతులూ ఖాళీ చేసుకుని, పలక ఒళ్లోకి తీసుకుని దిద్దడం మొదలుపెట్టింది. పసిది కదిలినప్పుడల్లా కాలు ఆడించేది, చేయి మాత్రం ఆగేది కాదు.